లింబాయత్ అలగ్ పంచ్

నాడెలన్నిటినీ బకెట్లో వేయించి, మరిగిన నీళ్ళు పోయించాడు మేస్త్రి రాజనర్సు.

పరుశురాం అప్పటికి సూరత్ వచ్చి నెల తిరగలేదు. లింబాయత్‌లో రేకుల కప్పు కింద ఉన్న సాంచాల ఖాతాలో పగటి పాలి పని. సాంచా అంటే మరమగ్గం, ఖాతా అంటే అవి నడిచే షెడ్డు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే చెక్క నాడెలో దారపు కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, దాని పోగును నాడె పక్కనున్న కన్నం దాకా తెచ్చి, బయట నోరు ఆనించి గట్టిగా ఒక్కసారి పీలిస్తే పోగు ఇవతలికి వస్తుంది. చేత్తో లాగితే ఆలస్యం. అందుకని అందరూ నోటితోనే పీలుస్తారు. పొద్దంతా ఒకడు నోరు పెట్టిన నాడెకే రాత్రి పాలివాడు నోరు పెడతాడు. పరుశురాం నడిపే సాంచాలను రాత్రిపూట నడిపేది రాజనర్సు సొంత తమ్ముడు.

ఆ పొద్దున ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఖాతాలోకి తొంగిచూశాడు. "ఏ పిలగా, నువ్వు మాదిగ ఎల్లయ్య కొడుకువు గదా, ఎప్పుడొచ్చినవ్?" అని ప్రేమగానే పలకరించాడు. ఆ ప్రేమ కొంప ముంచింది. ఖాతాలో పనిచేసేవాళ్ళంతా నేతకులం వాళ్ళు. పరుశురాం కులం దాచుకోలేదు, ఎవరూ అడగలేదు, అంతే. రాజనర్సు ఏమీ తిట్టలేదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టమన్నాడు.

మరిగిన నీళ్ళకు కులం పోతుందో లేదో గాని చెక్క మాత్రం ఉబ్బుతుంది. ఆరేసరికి నాడెలన్నీ వంకర తిరిగాయి. సాంచాకు వేస్తే దారి తప్పి గాల్లోకి లేచాయి. మర్నాడు గుజరాతీ సేఠ్ వచ్చి, ఇవి పాడుచేసింది ఎవరని అడిగాడు.

"కొత్త పోరడు సేఠ్. తెల్వక నీళ్ళల్ల ఏసిండు," అన్నాడు రాజనర్సు.

నీళ్ళు ఎవరు కాచారో, ఎవరు పోశారో అక్కడున్న ప్రతి ఒక్కడికీ తెలుసు. ఒక్కడూ మాట్లాడలేదు. పరుశురాంను ఆ రోజే వెళ్ళగొట్టారు, సామాను పాడుచేసేవాడన్న పేరు పెట్టి మరీ.

మరిగిన నీళ్ళు అతనికి అర్థమయ్యాయి. ఊళ్ళో అంతకంటే మొరటువి చూసి పెరిగినవాడే. అర్థం కానిది ఆ తర్వాతి సంగతి. నిజం తెలిసినవాళ్ళు అంతమంది ఉన్నారు, ఆ నిజం వెళ్ళి చెప్పుకునే చోటు ఒక్కటి లేదు. సేఠ్‌కు చెప్పాలంటే మధ్యలో మేస్త్రి. తెలుగువాళ్ళ సంఘం హాలైన సమాజం వాడీలో చెప్పాలంటే, అక్కడ తీర్పు చెప్పే కుర్చీలో కూర్చునేది మేస్త్రి సొంత అన్న. అన్యాయం చేసే చెయ్యి, దాన్ని విచారించే చెయ్యి ఒకే ఒంటికి ఉన్నాయి. పరుశురాం దీన్ని మరిచిపోలేదు. మరిచిపోకుండానే ఊరి శివార్లలోని సచిన్ పారిశ్రామికవాడకు వెళ్ళిపోయి, ఒడియా వాళ్ళ మధ్య, యూపీ వాళ్ళ మధ్య ఏళ్ళకేళ్ళు సాంచాలు నడిపాడు. కోపం వస్తే వాళ్ళు అతన్ని మద్రాసీ అని తిట్టేవాళ్ళు. ఆ తిట్టు తిట్టి, అతను నోరుపెట్టిన నాడెకే నోరు పెట్టేవాళ్ళు.

పెళ్ళయ్యాక మంగ పట్టుబట్టి ఇల్లు మళ్ళీ లింబాయత్‌లోనే చూసింది. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించేది. "పొద్దంత ఒక్కదాన్నే ఉంట. తెలుగు మాట చెవులవడకపోతే పిచ్చిలేస్తది," అంది. పరుశురాం పనికి సచిన్ పోయేవాడు, నిద్రకు లింబాయత్ వచ్చేవాడు.

లింబాయత్ మారింది. రాజనర్సు ఇప్పుడు ఒక్క ఖాతాకు కాదు, గల్లీలో సగం ఖాతాలకు మేస్త్రి. అన్న పోయాక సమాజం అధ్యక్షుడు కూడా అతనే. మరిగిన నీళ్ళ మొరటుతనం పోయింది. దాని స్థానంలో హుక్కు వచ్చింది. సన్నటి తీగను కొసన వంచి చేసిన కొక్కెం. కన్నంలోకి దూర్చి లాగితే పోగు వస్తుంది, నోరు పెట్టే పని లేదు. మాదిగ, మాల పిల్లలెవరైనా పనిలో చేరితే మేస్త్రి వాళ్ళ చేతిలో హుక్కు పెట్టేవాడు. "నీ మంచికే బిడ్డా. దుమ్ము లోపలికి పోదు," అనేవాడు. అబద్ధం కాదు. నోటితో పీలిస్తే దుమ్మూ రంగూ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కానీ ఆ మంచి ఆ పిల్లలకు మాత్రమే జరిగేది. మిగతావాళ్ళెవరూ హుక్కు ముట్టుకునేవాళ్ళు కాదు, ముట్టుకుంటే తమను ఎవరనుకుంటారోనని. దగ్గుతూ, కళ్ళె ఉమ్ముతూ నోటితోనే పీల్చేవాళ్ళు. ఒకళ్ళను దూరం పెట్టడానికి తమ ఊపిరితిత్తులు పాడుచేసుకునే మనుషులు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారో లేదో.

పరుశురాం అక్క కొడుకు మల్లేష్ ఆ ఖాతాల్లోనే ఒకదానిలో చేరాడు. కొన్నాళ్ళు హుక్కుతో పనిచేసి, ఒకరోజు దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసి నాడెకు నోరు పెట్టాడు. సాయంత్రం పాలి మారేటప్పుడు, రాత్రిపూట ఆ సాంచాలే నడిపే అంబదాస్ అనే నేతకులం కుర్రవాడు ఆ సంగతి తెలిసి మల్లేష్ చెంప పగలగొట్టాడు.

సమాజం వాడీలో పంచాయితీ పెట్టారు. మేనమామగా పరుశురాం వెళ్ళాడు. రాజనర్సు ఇద్దరి చేతులూ కలిపించి, "ఇద్దరు మన తెలుగు పిలగాండ్లే. పరాయి దేశంల కొట్టుకుంటరా? అయిపోయింది, తాగుండ్రి," అని షర్బత్ తెప్పించాడు. అంబదాస్‌కు స్టీలు గ్లాసు వచ్చింది. మల్లేష్‌కు కాగితం గ్లాసు వచ్చింది. తీర్పు కూడా కాగితం గ్లాసులోనే ఉందని పరుశురాంకు అర్థమైంది.

తిరిగి వస్తుంటే మల్లేష్ అన్నాడు: "మామా, షర్బత్ మాత్రం మంచిగుండె."

పరుశురాం నవ్వలేదు. "మనకు వేరే పంచ్ కావాలె," అన్నాడు.

ఆ మాట ఇంట్లో చెబితే మంగ రాళ్ళ పళ్ళెం మీంచి తల ఎత్తకుండా విని, "ఎవలిస్తరు నీకు పంచ్?" అంది.

"ఎవలు ఇచ్చేది కాదే. ఇస్తే ఇచ్చినోనిది అయితది."

"మరి ఎవలింటరు?"

"అదే చూడాలె."

చూడడానికి చాలాకాలం పట్టింది. పని అయ్యాక గల్లీ గల్లీ తిరిగాడు. ముందుగా ఒప్పుకున్నది లలితమ్మ. ఆమెది నేతకులమే. భర్త పోయాక మెస్ నడుపుతూ, ఒంటరిగా ఉండే పనివాళ్ళకు రెండు పూటలా అన్నం పెట్టేది. "నా కాడ అందరికి ఒకటే పళ్ళెం. నచ్చనోన్ని పొమ్మంట. గిదే మాట పంచ్‌ల కూసోని చెప్పుమంటే చెప్త," అంది. రెండోవాడు ఓంప్రకాష్. యూపీ మనిషి, సాంచాలు బాగుచేసేవాడు, ఆమె మెస్‌లోనే తింటూ తెలుగు నేర్చాడు. తెలుగువాళ్ళలో ఎవడిది ఏ కులమో తనకు ఇప్పటికీ గుర్తుండదని, అదే తన అర్హత అని అన్నాడు. మూడోవాడు రాములు. మాల మనిషి, బట్టల మార్కెట్లో మూటలు మోసేవాడు, ఏ మేస్త్రికీ తలవంచే అవసరం లేనివాడు.

"నువ్వు కూసోవా మామా?" అన్నాడు మల్లేష్.

"నేను కూసోను. నేను కూసుంటే అది నా పంచ్ అయితది. రాజనర్సుది పోయి పరుశురాంది వస్తే నీకేం ఫాయిద?"

పరుశురాం, ఆ ముగ్గురూ కలిసి నియమాలు పెట్టుకున్నారు: మేస్త్రీలు, సమాజం పెద్దలు ఇందులో ఉండకూడదు. దెబ్బ తిన్న మనిషే వచ్చి చెప్పాలి, ఎవరి తరపునా ఇంకొకరు చెప్పకూడదు. ఆదివారాలు లలితమ్మ మెస్‌లోనే కూర్చోవాలి, కాగితాలేమీ వద్దు. తీర్పును పాలి మారే వేళ ఖాతా గేటు దగ్గర నిలబడి అందరికీ వినపడేలా చెప్పాలి. గల్లీలో దానికి అలగ్ పంచ్ అని పేరు పడింది. వేరు పంచాయితీ అన్నమాట. వెక్కిరించేవాళ్ళు అలిగిన పంచ్ అన్నారు. "ఏం పరుశురాం, అల్గిన పంచ్ అన్నం తిన్నదా?" అని టీ బండి దగ్గర అడిగేవాళ్ళు.

రాజనర్సు వెక్కిరించలేదు. అతను తెలివైనవాడు. మనిషిని పంపి పరుశురాంను వాడీకి పిలిపించి, కుర్చీ వేయించాడు. పాత సంగతి ఇద్దరి మధ్యా బల్లలా ఉంది, దాని మీద రాజనర్సు టీ పెట్టించాడు, ఈసారి స్టీలు గ్లాసులోనే.

"మంచి పని ఎత్తుకున్నవ్ పరుశురామా. నేను అడ్డమా దానికి? మెస్‌ల కింద కూసునుడు ఎందుకు, గీ వాడీల రూం ఇస్త. ఫ్యాను ఉన్నది, మైకు ఉన్నది. సమాజం కింద న్యాయ కమిటీ అని పెడుదాం. హజీరా కంపెనీల మన రామారావు సార్ ఉన్నడు, పెద్ద మేనేజరు, ఆయనను మీద పెడుదాం. నిన్ను మెంబర్ని చేస్త. శాలువ కప్పి చేస్త."

"మీ మీద ఫిర్యాదు వస్తే?"

"నా మీదెందుకొస్తది?"

"వచ్చింది మేస్త్రీ. మల్లేష్ ఇచ్చిండు. హుక్కు సంగతి. ఆదివారం రాండ్రి."

రాజనర్సు నవ్వాడు. "పంచ్ అంటే మనిషిని పిలిస్తే వచ్చేటట్టు ఉండాలె. నేను రాను. నేను రాకపోతే నీది పంచ్ ఎట్లయితదో చూద్దాం."

శాలువ సంగతి విని మంగ ఊరుకోలేదు. "రూమిస్తమంటే వద్దంటివా? ఫ్యాను గుడ వద్దంటివా? నీ అసొంటోన్ని నేను చూళ్ళే," అంది. మల్లేష్ స్నేహితుల్లో కూడా సగంమంది తీసుకుంటే పోయేదేమిటన్నారు. పరుశురాం దగ్గర పెద్ద వాదనేమీ లేదు. ఆ గదికి తాళం ఎవరి దగ్గర ఉంటుందని మాత్రం అడిగాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మెస్ కడిగి, చాపలు పరిచి, ముగ్గురూ కూర్చున్నారు. మల్లేష్ జరిగింది చెప్పాడు. రాజనర్సు రాలేదు. అంబదాస్ రాలేదు. తర్వాతి ఆదివారమూ అంతే. లలితమ్మకు కోపం వచ్చింది. "అంబదాస్ తినేది నా కాన్నే. పంచ్ కాడికి రాకపోతే బువ్వ బంద్ అని చెప్త. ఎట్ల రాడో చూస్త."

గోడకు ఆనుకుని కూర్చున్న పరుశురాం లేచాడు. "వద్దక్కా. తిండి బంద్, నీళ్ళు బంద్, ఇది వాళ్ళ పద్ధతి. గా పద్ధతి మనకు రావద్దనే గదా కూసున్నది."

"మరి రాకపోతే ఏంజేస్తవ్?"

"రాకపోతే మల్లేష్ మాట ఒక్కటే విని చెప్పుండ్రి," అన్నాడు.

ఓంప్రకాష్ తల అడ్డంగా ఊపాడు. "ఏక్ తరఫ్ మాటే వింటే అది ఫైస్లా కాదు, తీర్పు కాదు భాయ్. వాడీలో చేసేదీ అదే కదా. నేను చెప్పను."

పరుశురాంకు మండింది. తను పోగుచేసి కూర్చోబెట్టిన మనుషులు తన మాటే కొట్టేస్తున్నారు. బయటికి వచ్చి టీ తాగి, కాసేపు నడిచి, మళ్ళీ వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాళ్ళు కొట్టేయకపోతే కదా భయపడాల్సింది అని నడకలో తోచింది. తోచినా మంట తగ్గలేదు. ఇలా ఆదివారాలు గడిచాయి. కూర్చోవడం, ఎదురుచూడడం, లేవడం. చూడవచ్చే జనం పలచబడ్డారు. రాజనర్సు గడప దాటకపోతే అలగ్ పంచ్ దానంతట అదే చచ్చిపోతుందని గల్లీలో అందరికీ తెలుసు. పరుశురాంకు అందరికంటే ఎక్కువ తెలుసు.

అలాంటి ఒక ఆదివారం రాజనర్సు వచ్చాడు. తెల్ల చొక్కా, వెంట పదిమంది. వాళ్ళలో అంబదాస్ ఉన్నాడు. చెప్పులు బయట విడిచి, చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

"నాదొక ఫిర్యాదు," అన్నాడు.

మెస్ నిండిపోయింది.

"గల్లీ ఊడ్చే కంకుబెన్ ఉన్నది. ఆమె నీళ్ళడిగితే పరుశురాం పెండ్లాం మంగ గిలాస ఇయ్యదు. దోసిలి పట్టుమని మీదికెల్లి పోస్తది. నేను నా కండ్లతోని చూసిన. నోరుపెడితే మైలయితదా అని మమ్ముల అడిగెటోని ఇంట్ల జరుగుతున్నది ఇది. పంచ్ ఏమంటదో చెప్పాలె."

అందరూ పరుశురాం వైపు తిరిగారు. అతని మొహం నల్లబడింది. ఇది అబద్ధమని అతను అనలేడు, తనూ చూశాడు. చూసి, ఆడవాళ్ళ సంగతి అని తల తిప్పుకున్నాడు. లోపల ఒక మాట అతన్ని కుమ్మింది: పంచ్ నియమమే ఉంది కదా, ఒకరి తరపున ఇంకొకరు చెప్పకూడదని. ఆ ఒక్క మాట అంటే రాజనర్సు లేచి పోవాల్సిందే. ఇల్లు దక్కుతుంది. మంగ పరువు దక్కుతుంది.

అప్పుడే అతనికి ఇంకోటి కనపడింది. రాజనర్సు వచ్చాడు. పంచ్ కాదన్నవాడు పంచ్ ముందు కింద కూర్చుని, పంచ్ ఏమంటదో చెప్పాలె అని తన నోటితో తనే అన్నాడు.

ఓంప్రకాష్ ఆ నియమం ఎత్తనే ఎత్తాడు. "దెబ్బ తిన్న మనిషే చెప్పాలి. నీళ్ళడిగిన ఔరత్ ఎక్కడ?"

"నేను తీసుకొస్త," అన్నాడు పరుశురాం. "ఇద్దర్ని తీసుకొస్త."

కంకుబెన్ రెండు గల్లీల అవతల ఉంటుంది. ఏం జరిగిందో చెబితే భయపడింది, తన పని పోతుందేమోనని. పోతే పంచ్‌కు రెండో ఫిర్యాదు ఇవ్వమన్నాడు పరుశురాం. మంగను పిలవడమే కష్టమైంది.

"నన్ను నలుగుట్ల నిలవెడ్తవా? ఎవనికోసం?"

"నువ్వు పోసింది నిజమేనా?"

"అందరు పోస్తరు. నేనొక్కదాన్నేనా?"

"గా మాటనే వచ్చి చెప్పు."

ఆమె కొంగు బిగించి, అతని కంటే ముందు నడిచింది. మెస్‌లో రాములు అడిగితే, దాచకుండా ఉన్నది ఉన్నట్టే చెప్పింది. అవును, దోసిట్లోనే పోస్తాను. మా అమ్మ అట్లనే పోసేది. తప్పని ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నవాడు కూడా ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. చివరి మాట అంటూ మొగుడి వైపు చూసింది. పరుశురాం తల దించుకున్నాడు.

లలితమ్మ కంకుబెన్‌ను అడిగింది, హిందీలో. ఆమె గుజరాతీ కలిపిన హిందీలో జవాబు చెప్పింది. ఈ మంగాబెన్ దోసిట్లో పోస్తుంది, నిజం. కానీ ఎండల్లో అడగకముందే పిలిచి పోస్తుంది. రాజనర్సు వైపు చెయ్యి చూపి, ఈ సేఠ్ ఇంటి ముందు ఊడ్చేటప్పుడు నీళ్ళు అడిగితే, మున్సిపాలిటీ కుళాయి అటు ఉంది అంటారు, అంది.

ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. లలితమ్మ కసిరింది. "నవ్వకుండ్రి. ఆయన ఇయ్యకపోతే ఈమె చేసింది ఒప్పయితదా?"

ముగ్గురూ లోపలి వంటగదిలోకి పోయి మాట్లాడుకుని వచ్చారు. రాములు చెప్పాడు. మంగ చేసింది తప్పు. ఇంట్లోవాళ్ళు తాగే గ్లాసుతోనే ఇవ్వాలి. తీర్పు గేటు దగ్గర చెబుతారు, మంగ పేరుతో సహా. తర్వాత అదే గొంతుతో, "మేస్త్రీ, మీరు వచ్చిన్రు గాబట్టి మల్లేష్ ఫిర్యాదు గుడ విందాం. మీ మాట చెప్పుండ్రి," అన్నాడు.

రాజనర్సు లేవబోయాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు లేవలేదు. మంగను అంతసేపు నిలబెట్టి అడగడం కళ్ళారా చూసినవాళ్ళు, ఇప్పుడు మేస్త్రి లేచిపోతే ఎట్లా ఉంటుందో వాళ్ళకు తెలుసు. అంబదాస్ నేల చూపులు చూస్తూ, "కూసో మేస్త్రీ. జర అయిపోనీ," అన్నాడు.

రాజనర్సు కూర్చున్నాడు. హుక్కు ఆరోగ్యానికి మంచిదే కదా అన్నాడు. ఓంప్రకాష్‌కు అంతకంటే ఏం కావాలి. మంచిదైతే అందరికీ ఇవ్వమన్నాడు. అంబదాస్ చెయ్యి చేసుకోవడం తప్పు, అది గేటు దగ్గర చెబుతారు. హుక్కు ఒకళ్ళకు ఇచ్చి ఇంకొకళ్ళకు ఇవ్వకపోవడం తప్పు, అదీ చెబుతారు.

చెప్పారు. సోమవారం పొద్దున పాలి మారే వేళ, ముగ్గురూ గేటు ముందు నిలబడి మూడు పేర్లూ గట్టిగా పలికారు: మంగ, అంబదాస్, రాజనర్సు. మొదటి పేరు వినపడకపోతే మూడో పేరును ఆ గల్లీ నమ్మేది కాదు.

దాంతో లోకం మారిపోలేదు. కొన్ని ఖాతాల్లో అందరి చేతుల్లోకీ హుక్కులు వచ్చాయి, కొన్నిట్లో ఇప్పటికీ నోటితోనే పీలుస్తున్నారు. మొదట హుక్కు పట్టిన అంబదాస్‌ను వాళ్ళవాళ్ళే ఏడిపించారు. మంగ చాలాకాలం పరుశురాంతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. కంకుబెన్‌కు గ్లాసు ఇస్తుంది, ఇస్తూ మొగుణ్ణి వినపడేలా తిడుతుంది. కానీ ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో చాపలు ఖాళీగా ఉండడం లేదు. ఒడియా వాళ్ళు వస్తున్నారు, తెలుగువాళ్ళు తమను ఎట్లా పిలుస్తున్నారో చెప్పడానికి. సేఠ్ మనుషులు తమను ఎట్లా పిలుస్తున్నారో చెప్పడానికి తెలుగువాళ్ళు వస్తున్నారు. పరుశురాం గోడకు ఆనుకుని కూర్చుంటాడు. అడిగితే తప్ప మాట్లాడడు. ఎవరూ ఎక్కువగా అడగరు కూడా.

రాజనర్సు, పరుశురాం చివరిసారి కలిసింది సచిన్‌లో, బస్సు దిగే చోట. రాజనర్సు అతని కోసమే వచ్చి నిలబడి ఉన్నాడు. ముసలితనం మీద పడింది, రెండు మాటలకోసారి దగ్గుతున్నాడు. ఆయన అల్లుడికి సచిన్‌లో చిన్న ఖాతా ఉంది. అక్కడ పనిచేసే ఒడియా మనిషి ఒకడు పంచ్‌లో అల్లుడి మీద ఫిర్యాదు ఇచ్చాడు.

"పరుశురాం భాయ్," అన్నాడు. అట్లా పిలవడం అదే మొదలు. "పోరడు జర నోటి దురుసు. తప్పే. నేను సమజ్ చేస్త. గేటు కాడ పేరు మాత్రం చెప్పకుండ చూడు. నువ్వొక్క మాట చెప్తే ఇంటరు."

పరుశురాం టిఫిన్ డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నా మాట వినే పంచ్ అయితే, దాన్ని నువ్వు ఎప్పుడో నీది చేసుకునెటోనివి మేస్త్రీ. ఆదివారం అల్లున్ని తోలు. నిజం చెప్పుమను."